మెత్తగా నేసిన చీర

చప్పుడుకు భయపడే జబ్బు ఒకటి ఉంటుందని నలభై ఏళ్లు దాటేదాకా నాకు తెలియదు. ధర్మవరంలో పుట్టినవాడికి అది తెలిసే దారీ లేదు. మా వీధిలో ఇంటింటికీ మగ్గం. మా ఇంట్లో రెండు. పడుగు పోగుల మధ్య నాడె ఇటు నుంచి అటు పరిగెత్తుతుంది. అది వదిలి వెళ్లిన పేక పోగును, నేసే మనిషి బరువైన చెక్క పలకతో తన వైపుకు లాగి కొట్టి బిగిస్తాడు. ఆ దెబ్బ గట్టిగా పడితేనే నేత నిలుస్తుంది. ఆ దెబ్బల మధ్యే నిద్రపోయి, వాటి మధ్యే లేచిన వాళ్లం మేము. ఎవరైనా చనిపోయి వీధి మగ్గాలు ఆగిన రోజున చిన్నపిల్లలు నిద్రపట్టక ఏడ్చేవాళ్లు.

ఇలాంటి జబ్బుతో ఇంట్లో ఎవరైనా బాధపడుతుంటే, వాళ్లకు పిచ్చి అనో పొగరు అనో అనుకోకండి. ఆ ముక్క చెప్పడానికే ఇది రాస్తున్నాను. రెండో కారణం రాస్తూ పోతే తెలుస్తుంది.

నేను పెద్దగా నేసినవాణ్ణి కాను. బడి ఐదో తరగతితోనే ఆగిపోయింది కానీ లెక్క మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది. అంచులో నెమలి మెడ వంపు తిరగాలంటే ఏ పోగు దగ్గర తగ్గించాలి, ఏనుగు తొండం లేవాలంటే ఎన్ని పోగులు పైకి రావాలి అని గళ్ల కాగితం మీద వేసి, ఆ ప్రకారం మగ్గం పైన తిరిగే అట్టలకు రంధ్రాలు కొట్టించేవాణ్ణి. ఊళ్లో నన్ను లెక్కల నారాయణప్ప అంటారు. మా నాయన వెంకటరమణప్పది మాత్రం నేత చెయ్యి. నేను వేసిన లెక్క ఆయన చేతిలో పడితే బొమ్మకు ప్రాణం వచ్చేది.

ఎనభై రెండు వానాకాలంలో జ్వరం తగులుకుంది. అది తలకెక్కి నేను చాలా రోజులు తెలివి లేకుండా పడి ఉన్నానట. జ్వరం తగ్గింది, అన్నం సయించింది, నడవగలిగాను. బతికాడు అనుకున్నారు అందరూ. కానీ మంచం దిగిన రోజున మా ఆవిడ సరోజ వంటింట్లో గిన్నె మీద మూత పెట్టిన చప్పుడుకు, ఎవరో నా తలలో మేకు దిగ్గొట్టినట్టయి గోడకు అతుక్కుపోయాను. ఆ తర్వాత ప్రతి చప్పుడూ అంతే. మగ్గం సంగతి చెప్పనక్కరలేదు. మనుషుల గొంతులూ అంతే. ఎవరైనా ఎదురుగా కూర్చుని మాట్లాడితే మాట అర్థమయ్యేలోపే లోపల మంట లేచేది. భయమో కోపమో విడదీసి చెప్పలేను. ముఖాలు చూడలేకపోయేవాణ్ణి. చెవుల్లో దూది కుక్కుకుని, గోడ వైపు తిరిగి కూర్చునేవాణ్ణి.

చెవులు బాగున్నాయని ధర్మవరం డాక్టరు చెప్పాడు. నరాల బలహీనత అని టానిక్కు రాశాడు. గాలి సోకిందని ఒకరు, చెయ్యరానిది ఏదో చేశాడని ఒకరు. తాయెత్తు కట్టారు. తాయెత్తు మంచిదే, అది చప్పుడు చెయ్యలేదు.

ఎనభై మూడు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం నాయన నేస్తున్నాడు. నేను లోపలి గదిలోంచి పరిగెత్తుకొచ్చి, ఆయన కొట్టబోతున్న పలకను రెండు చేతులతో పట్టుకుని అరిచాను. ఏమని అరిచానో నాకు గుర్తు లేదు. నాయన మెల్లగా పలక వదిలి, మగ్గం కింద కాళ్లు పెట్టుకుని కూర్చునే గుంటలోంచి పైకి లేచి, మగ్గం మీద పాత పంచె కప్పాడు. సరోజ కూర్చునే రెండో మగ్గం మీద కూడా కప్పాడు.

"మామా, రెండూ ఆపితే ఇంట్లో పొయ్యి ఎట్లా మండుతుంది?" అంది సరోజ.

"మండినప్పుడు మండుతుంది లేమ్మా. వాడు అట్లా వణుకుతాంటే నాకు చెయ్యి ఆడ్దు."

"వీధంతా కొడ్తానే ఉండారు గదా! మనది ఒకటి ఆపితే అయిపోతుందా?"

"మనది ఆపేది మన చేతిలో ఉండాది," అన్నాడు నాయన.

ఆ మాటలు నాకు దూది లోంచి వినబడ్డాయి. మగ్గం నడవాలంటే నేను ఆ ఇంట్లో ఉండకూడదు. నేను ఉండాలంటే మగ్గం నడవకూడదు. ఎన్ని రకాలుగా వేసినా ఆ లెక్క మారలేదు. ఆ శ్రావణంలో నన్ను పెనుకొండలో ఉన్న మా అక్క ఇంటికి పంపించారు. ఇంటి చప్పుడును మళ్లీ భరించగలిగిన రోజున తిరిగి రావాలి, లేకపోతే లేదు. పైకి ఎవరూ అనలేదు కానీ ఒప్పందం అదే.

మా అక్క సుబ్బమ్మకు భర్త లేడు, పిల్లలు లేరు. కొండ కిందికి ఆనుకుని ఉన్న చివరి వీధిలో ఒంటరిగా ఉండేది. అక్కడ మేకల అరుపులు, గాలి తప్ప పెద్ద చప్పుడు లేదు. ఆమెకు తెలిసిన నర్సమ్మ ఒకామె హిందూపురంలో ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేసేది. అక్కడ ఒక డాక్టరమ్మ చెవులకు పాటలు వినిపించి ఇలాంటివాళ్లకు వైద్యం చేస్తోందని ఆమే చెప్పింది.

రైల్లో పోవాలి. ఇంజను కూతకు నేను సీటు కింద దూరాను. అక్క కింద కూర్చుని, హిందూపురం వచ్చేదాకా రెండు అరచేతులతో నా చెవులు మూసింది. ఎదురు సీటువాళ్లు చూస్తున్నారని నాకు సిగ్గు. ఆమెకు లేదు.

ఆసుపత్రి వరండాలో పొడవాటి బెంచి మీద కూర్చున్నాం. పక్కన మడకశిర వైపు నుంచి వచ్చిన ఒక ముసలావిడ, మోకాళ్లు పట్టుకుని కూర్చుని ఉంది. మేము ఎందుకొచ్చామో అక్కను అడిగి తెలుసుకుంది.

"ఏమప్పా, పాటలు ఇనేదానికా ఆసుపత్రికి వస్తాండావు? మా ఊర్లో పెండ్లికి మైకు పెడ్తే దుడ్లు లేకుండా ఇనిపిస్తారు గదా!"

అక్క ఫక్కున నవ్వింది. నేను నవ్వలేదు. ముసలావిడ నా వైపు కాసేపు చూసి, గొంతు బాగా తగ్గించి, "కానీలే నాయనా, తగ్గుతుంది," అంది. ఆ తర్వాత ఆమె వంతు వచ్చి లేచేదాకా చేతి గాజులు పైకి తోసుకుని, కదిలినా మోగకుండా పట్టుకుని కూర్చుంది. ఆ ఆవిడ పేరు కూడా నాకు తెలియదు.

డాక్టరమ్మ నెమ్మదిగా మాట్లాడే మనిషి. "ఇది మందు కాదు. అందరికీ పనిచేస్తుందని నేను చెప్పలేను. కొందరికి కొంత నిమ్మళం వచ్చింది. మీకు వస్తుందేమో చూద్దాం," అంది. ఆమె దగ్గర ఒక టేపు రికార్డరు, చెవుల మీద పెట్టుకునే రెండు గిన్నెల లాంటి సాధనం ఉన్నాయి. క్యాసెట్లో వీణ. కానీ వీణ మొత్తం కాదు. ఉరిమినట్టుండే అడుగు శబ్దం తీసేశారు, చెవిని గీరే పై శబ్దం తీసేశారు. మనిషి గొంతు పలికే మేరలో ఉండే శబ్దమే మిగిల్చారు. మొదటి రోజు వినిపించింది టీ తాగినంత సేపు. నాకు చెమటలు పట్టాయి కానీ పారిపోలేదు.

ఆమె చెప్పిన రెండో సంగతే అసలు వైద్యం అని ఇప్పుడు అనుకుంటాను. "వినడం అయిపోగానే ఒంటరిగా వెళ్లి కూర్చోకండి. లోపల కాస్త కుదురుగా ఉన్న ఆ కొద్దిసేపట్లోనే ఎవరో ఒకరి ఎదురుగా కూర్చోండి. ముఖం చూడండి. ఏదో ఒకటి మాట్లాడండి."

వారానికి రెండుసార్లు హిందూపురం. మిగిలిన రోజుల్లో వినడానికి ఆసుపత్రి టేపు రికార్డరునే కొన్నాళ్లకు అప్పుగా ఇచ్చారు. రోజూ పొద్దున పాట వినగానే అక్క చేటలో వేరుశనక్కాయలు పోసుకుని నా ఎదురుగా కూర్చునేది. నేను చేట వైపే చూసేవాణ్ణి.

"రేయ్ నారాయణా, చూడకుండా చెప్పు. నా ముక్కుపుడక యా పక్క ఉండాది?"

"కుడి పక్క."

"ఎత్తి చూడరా మొగం! నాకు పెండ్లయినప్పటి నుంచీ ఎడమ పక్కే గదా ఉండాది! చీరలో పోగులన్నీ లెక్కపెడ్తావు, అక్క ముక్కు కనబళ్లేదా నీకు?"

చూశాను. ఎడమ పక్కే ఉంది. ఎర్ర రాయి. ఆ రోజు ఆమె ముఖం మీద నా చూపు కాసేపు నిలిచింది. కింద పడ్డ వేరుశనక్కాయ తియ్యడానికి వంగినట్టు వంగి అక్క కళ్లు తుడుచుకుంది.

చలికాలం వచ్చేసరికి మేకల అరుపు భరించగలిగాను, అక్క గిన్నెలు తోమడం భరించగలిగాను. మధ్యలో రెండుసార్లు మొదటికొచ్చి, దుప్పటి కప్పుకుని మూలన పడుకున్న రోజులూ ఉన్నాయి. అప్పుడు డాక్టరమ్మ, "మీరు తిరిగి ఉండాల్సింది ఏ చప్పుడులో?" అని అడిగింది. మగ్గం అని చెప్పాను. "అయితే మీ ఇంటివాళ్లను అది క్యాసెట్లో పట్టి తెమ్మనండి. బాగా తగ్గించి మొదలుపెడదాం," అంది.

మా వీధి చివర మైకుసెట్టు అద్దెకిచ్చే ఖాదర్ ఉన్నాడు. నా ఈడువాడే. వారానికోసారి తన టేపు రికార్డరు తెచ్చి, నాయన నేస్తుంటే పట్టి ఇచ్చేవాడు. అద్దె మాట ఎత్తితే, "పో వదినా, మగ్గానికి మైకు పెట్టినోడు ఈ జిల్లాలో నేనొక్కడినే. నాకే పేరు," అన్నాడట. ఆదివారం సరోజ ఆ క్యాసెట్టు కొంగున కట్టుకుని పాసింజరులో పెనుకొండకు వచ్చేది. నేను ఇల్లు వదిలాక ఆమె మగ్గం మళ్లీ నడుస్తోంది. ఇల్లు గడిచేది దాని మీదే. నాయన తన మగ్గం మీద ఈ టేపు కోసమే వేరే పడుగు ఎక్కించాడు. పసుపు రంగు, ఎర్ర అంచు.

మొదటి క్యాసెట్టు వేసినప్పుడు నేను అక్క చెయ్యి పట్టుకున్నాను. దెబ్బ పడింది. నేను ఎదురుచూసిన మేకు దిగలేదు. ఎవరో దిండు మీద తట్టినట్టుంది. రెండు మూడు దెబ్బలకే నాకు అర్థమైంది. నాయన పలకను తెచ్చి ఆనిస్తున్నాడు తప్ప కొట్టడం లేదు. పుట్టినప్పటి నుంచి విన్న చెయ్యి అది, నాకు తెలియదా?

"ఇట్లా నేస్తే చీర వదులొస్తుంది, నిలవదు. ఎవరు కొంటారు?" అన్నాను సరోజతో.

"నేనూ అదే అంటి. సగం మెత్తగా సగం గట్టిగా నేస్తే నేత తేడా వస్తాది, అందుకే మొత్తం ఇట్లే నేస్తా, అమ్మకపోతే పాయె అనె మామ. పట్టు నీళ్లపాలు చేస్తాండాడు ముసలాయన అని వీధంతా నవ్వుతాండారు."

మంచి నేతగాడు వదులు నేత నేయడమంటే మా ఊళ్లో మర్యాద పోగొట్టుకోవడమే. జీవితంలో ఒక్క చీర కూడా వెనక్కి రాని మనిషి, తెలిసి తెలిసి నా కోసం ఒకటి పాడుచేస్తున్నాడు. నేను ఆ క్యాసెట్టు రోజూ విన్నాను. వీణ తర్వాత నాయన.

వినడం అలవాటయ్యాక నా పాత బుద్ధి లేచింది. దెబ్బకూ దెబ్బకూ మధ్య మనసులో అంకెలు వేసుకునేవాణ్ణి. మొదటి క్యాసెట్లలో రెండు అనేలోపు దెబ్బ పడేది. సంక్రాంతి దాటాక మూడు అన్న తర్వాత కానీ పడలేదు. దెబ్బ మాత్రం అంతే మెత్తగా ఉంది. నేను ఇక్కడ బాగుపడుతున్న కొద్దీ ఆయన అక్కడ మరింత జాగ్రత్త పడుతున్నాడు అనుకున్నాను. అంకెలు సరిగ్గానే వేశాను. వాటికి అర్థం నేను తప్పు చెప్పుకున్నాను.

మాఘంలో డాక్టరమ్మ, "ఇక మామూలు దెబ్బ వినండి," అంది. సరోజతో కబురు చేశాను. నాకు భయం లేదు, నాయనను గట్టిగా కొట్టమను అని. సరోజ సరే అని తలూపి, సంచి సర్దుకోవడంలో పడింది. తర్వాతి ఆదివారం వచ్చిన క్యాసెట్లోనూ అదే దిండు మీద తట్టినట్టు. ఈసారి ఖాదర్‌తోనే చెప్పించమన్నాను. టేపు పట్టేటప్పుడు దగ్గరుండి చెప్పమన్నాను.

ఆ పై ఆదివారం సరోజ రాలేదు. క్యాసెట్టును రైల్లో వచ్చే తెలిసినవాళ్ల చేత పంపింది. మధ్యాహ్నం అక్క, నేను కూర్చుని విన్నాం. కాసేపు పలక దెబ్బలు. మధ్యలో ఖాదర్ గొంతు వినబడింది.

"పెద్దాయనా, నారాయణప్ప భయం లేదంట. గట్టిగా కొట్టమన్నాడు."

"గట్టిగానే కొడ్తాండా, ఖాదరూ."

తర్వాత దగ్గు. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు. ఊపిరి లాగుతున్న శబ్దం, మగ్గం చెక్కను పట్టుకుని లేవబోయిన చప్పుడు. చివరికి నాయన గొంతు, అలిసిపోయి.

"ఈ ముక్క తుడిచెయ్యప్పా. వానికి ఇనిపించొద్దు. ఈడికి వచ్చినంక చూసుకుంటాడులే."

"సరే పెద్దాయనా."

ఖాదర్ తుడవలేదు. "మర్చిపోయినా, అన్నా," అని తర్వాత నాతో చెప్పాడు, మైకు తీగ చుట్టుకుంటూ, నా వైపు చూడకుండా.

ఆ సాయంత్రం పాసింజరుకే బయల్దేరాను. ఇంజను కూసింది. సీటు కింద దూరలేదు. ఆ సంగతి ధర్మవరంలో దిగాక గానీ గుర్తు రాలేదు.

ఇంటి గుమ్మంలో సరోజ ఉంది. "దీపావళి కాడి నుంచి దగ్గు. రొమ్ములో నెమ్ము అన్నారు. అనంతపురానికి కూడా తీసుకపోయినాం. నీకు చెప్తే ఈ అన్నం ముట్టనని ఒట్టేసె మామ. నేనేం చేసేదయ్యా?" అంది. ఆమె గొంతు హెచ్చింది, వీధిలో మగ్గాలు మోగుతున్నాయి, నాకు లోపల ఆ పాత మంట అడుగు నుంచి లేచింది. ఇన్ని ఆదివారాలు నా ఎదురుగా కూర్చుని చెప్పలేదు కదా! నా చెయ్యి తలుపు రెక్క మీద బిగిసింది. ఒకప్పుడైతే ఆ తలుపు విరిగేది. నేను ఊపిరి వదిలి, డాక్టరమ్మ చెప్పినట్టు, ఆమె ముఖం చూశాను. చెంపలు లోపలికి పోయాయి. కళ్ల కింద నలుపు. మగ్గం, ముసలాయన, పెనుకొండ రైలు, అన్నీ ఒక్కతే మోసిన మనిషి. మంట దానంతటదే దిగిపోయింది. "నువ్వేం చేస్తావులే," అన్నాను. నా జబ్బు నయమైందని నాకు తెలిసింది అప్పుడు. సంతోషించే సమయం కాదు అది.

నాయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. సగమయ్యాడు. ఎదురుగా కూర్చున్నాను. నెలల తర్వాత ఆయన ముఖాన్ని పూర్తిగా చూశాను.

"చప్పుడు ఓర్చుకుంటాండావా?" అన్నాడు.

"ఓర్చుకుంటాండా నాయనా."

"అయితే సరోజను కొట్టమను. ఇంటాము."

సరోజ గుంటలో దిగి కొట్టింది. అసలైన దెబ్బ. నా భుజాలు ఒక్కసారి పైకి లేచాయి, దిగాయి. నాయన నా భుజాల వైపే చూస్తున్నాడు. అవి దిగాక కళ్లు మూసుకున్నాడు.

ఆ తర్వాత ఆయన మగ్గం దగ్గరికి పోలేదు. వానలు మొదలవక ముందే పోయాడు. వీధిలో మగ్గాలన్నీ ఆగిన ఆ రోజున, ఏ చప్పుడును ఓర్చుకోవడం అంత కష్టపడి నేర్చుకున్నానో ఆ చప్పుడు కోసమే నా చెవులు వెతుక్కున్నాయి. డాక్టరమ్మకు ఉత్తరం రాయలేదు, స్వయంగా వెళ్లి చెప్పాను. బెంచి మీద ముసలావిడ కోసం చూశాను, లేదు.

ఇప్పటికీ నేను పూర్తిగా పాత మనిషిని కాను. టపాకాయలు కాల్చే రోజున పెనుకొండ వెళ్లిపోతాను. మనసు కుదురు తప్పిందనిపిస్తే వీణ వింటాను, వెంటనే లేచి వెళ్లి ఎవరి ఎదురుగానైనా కూర్చుంటాను. నాకు ఉపయోగపడింది ఇదే. మీ ఇంట్లో అలాంటి మనిషి ఉంటే, వాళ్ల దగ్గర గొంతు తగ్గించండి, కానీ దగ్గరకు పోవడం మానకండి. ఇంకొకటి. బాగవుతున్న మనిషి దగ్గర ఇంటి కష్టం దాచకండి.

పసుపు చీర చివర ఒక మూర మిగిలింది. సరోజ నేసి ముగిస్తానంది. వద్దన్నాను. అక్కడికే కోసి, మడిచి పెట్టెలో పెట్టాం. అప్పుడప్పుడు తీసి గుమ్మం దగ్గర వెలుతురుకు పట్టి చూస్తాను. మొదలు నేసినది నా మీద జాలితో మెత్తగా కొట్టినది. చివర నేసినది చేతిలో బలం లేక మెత్తగా పడినది. ఒకటి ఎక్కడ ఆగి రెండోది ఎక్కడ మొదలైందో తెలుసుకోవాలని భూతద్దం పెట్టి, అంగుళం అంగుళం పేక పోగులు లెక్కపెట్టాను. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే లెక్క వస్తుంది.